నా పేరుతో వాళ్లు రాసిన పేజీ మీద సంతకం పెట్టనా?

ప్రశ్న: నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా వారి స్నేహితుడొకాయన తన కంపెనీ బోర్డులోకి ఇండిపెండెంట్ డైరెక్టరుగా రమ్మన్నారు. మహిళా డైరెక్టరు ఉండి తీరాలట. నూలు మిల్లులు, జిన్నింగు, ఒక వంటనూనె రిఫైనరీ ఉన్నాయి. షేర్ మార్కెట్లో మొదటి వెయ్యి కంపెనీల జాబితాలో చివరికి దగ్గరగా ఉంటుందని చెప్పారు. సీఎస్సార్ (కంపెనీ సామాజిక బాధ్యత) కమిటీకి నన్నే చైర్‌పర్సన్‌ను చేశారు. పోయిన ఏడాది, పర్యావరణం, ఉద్యోగులు, సమాజం పట్ల కంపెనీ ఎలా నడుచుకుందో చెప్పే బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక మీటింగుకు రెండు రోజుల ముందు చేతికొచ్చింది. ఈసారి డ్రాఫ్టు ముందే అడిగి తెప్పించుకున్నాను. దాదాపు తొంభై పేజీలు. అందులో ఒక పేజీ నేనే మాట్లాడుతున్నట్టు నా పేరుతో రాసి పెట్టారు. అన్నీ విజయాలే. నా సంతకం ఒక్కటే తక్కువ.

చదువుతుంటే కొన్ని మింగుడు పడడం లేదు. ఏడాది మొత్తం ప్రమాదాలు సున్నా అని ఉంది. మిల్లులో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు సంక్రాంతికి వచ్చినప్పుడు దూది ఏకే కార్డింగు మెషీన్లో ఒకతని వేళ్లు పోయాయని చెప్పాడు. రిఫైనరీ నుంచి చుక్క వ్యర్థజలం బయటికి పోదని రాశారు. విజయవాడ సింగ్ నగర్ వైపున్న మా గోడౌన్ 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మునిగింది. వాతావరణ ముప్పుల పేజీలో సముద్రమట్టం గురించి ఉంది గానీ బుడమేరు ఊసే లేదు. అడిగితే ఇప్పుడు ఎండీగా ఉన్న ఆయన కొడుకు, "ఇది వట్టి ఫార్మాలిటీ ఆంటీ, హైదరాబాద్ కన్సల్టెంట్లు అంతా చూసుకున్నారు" అన్నాడు. సంతకం పెట్టనా? పెడితే రేపు నా మెడకు చుట్టుకుంటుందా? పెట్టకపోతే ముప్పై ఏళ్ల స్నేహం ఏమవుతుంది?

జవాబు:

అమ్మా, నమస్కారం. ఆ పేజీ ఇప్పుడున్న రూపంలో సంతకం పెట్టవద్దు. నెలాఖరు మీటింగుకు ఇంకా టైముంది కాబట్టి గొడవ పడకుండానే దాన్ని మీరు నిబ్బరంగా సంతకం పెట్టగలిగే రూపానికి తేవచ్చు. తొంభై పేజీలూ చదవాల్సిన పని కూడా లేదు. నాలుగైదు అంకెలు పట్టుకుని అవి ఎక్కడ పుట్టాయో చూస్తే చాలు.

ముందు ఆ పేజీ సంగతి. లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీల చేత, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇలాంటి నివేదికలు రాయించడం 2012లో మొదటి వంద కంపెనీలతో మొదలై, ఐదొందలకు, వెయ్యికి పాకింది. 2021 మేలో పాత నమూనాకు బదులు బీఆర్‌ఎస్‌ఆర్ వచ్చింది. 2022-23 నుంచి మొదటి వెయ్యి కంపెనీలకు ఇది తప్పనిసరి. ఇందులో మూడు భాగాలుంటాయి. మొదటిది కంపెనీ వివరాలు. రెండోది విధానాలు, వాటిని ఎవరు పర్యవేక్షిస్తున్నారు అన్నది. మూడోది తొమ్మిది సూత్రాల వారీగా అంకెలు. అందరూ మూడో భాగం మీద పడతారు. మీరు మాత్రం రెండో భాగం దగ్గరే ఆగాలి, ఎందుకంటే మీరున్నది అక్కడే.

ఈ నివేదికకు బాధ్యులైన డైరెక్టరు ప్రకటన ఒకటి రెండో భాగంలో అడుగుతారు. సవాళ్లు, లక్ష్యాలు, సాధించినవి మూడూ చెప్పమని నమూనాలోనే ఉంది. మీకు పంపిన పేజీలో మూడోది తప్ప మొదటిది లేదంటే నమూనా అడిగిన దాంట్లోనే సగం ఎగ్గొట్టినట్టు. కాబట్టి "ఇందులో సవాళ్లు కూడా రాయాలి కదా బాబూ" అనడం ఎవరినీ తప్పు పట్టినట్టు కాదు. ఫారం పూర్తిగా నింపమనడమే.

ఆ ప్రకటన పక్కనే ఇంకొన్ని గళ్లుంటాయి. ఈ విధానాల అమలుకు, పర్యవేక్షణకు అత్యున్నత బాధ్యత ఎవరిది, సుస్థిరత విషయాల మీద నిర్ణయాలు తీసుకునే బోర్డు కమిటీ ఉందా, ఎన్నాళ్లకోసారి సమీక్షిస్తుంది అని. మీ డ్రాఫ్టులో అక్కడ "సీఎస్సార్ కమిటీ, ఏడాదికోసారి" అని ఉండే అవకాశం చాలా ఎక్కువ. తెరిచి చూడండి. ఉంటే మీ కమిటీ మినిట్స్ పుస్తకం తెప్పించండి. నీళ్లు, కరెంటు, ప్రమాదాలు ఎప్పుడైనా అందులో చర్చకు వచ్చాయా? ఊరికి మంచినీళ్ల ప్లాంటు, బడికి బెంచీలు, మొక్కలు నాటడం ఇవే ఉంటే, ఆ గడిలో రాసిన మాట నిజం కాదు. పైగా అది మీ కమిటీ పేరు మీద ఉంది. చాలా కంపెనీలు ఈ రెంటినీ కలిపేస్తాయి. సీఎస్సార్ 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టే లెక్క. బీఆర్‌ఎస్‌ఆర్ అడిగేది ఆ లాభం ఎలా వచ్చిందని. మొదటిది చూసే కమిటీకి రెండోది కూడా అప్పగించవచ్చు, కానీ అప్పగించినట్టు బోర్డు తీర్మానం ఉండాలి, కమిటీ కూర్చుని చూడాలి.

మెడకు చుట్టుకోవడం గురించి అడిగారు. అదే చట్టంలో 149(12) మీలాంటి వారి కోసం రాసిన రక్షణ. బోర్డు వ్యవహారాల ద్వారా మీకు తెలిసి, మీ సమ్మతితోనో కుమ్మక్కుతోనో జరిగినవాటికి, లేదా మీరు శ్రద్ధగా వ్యవహరించని చోట మాత్రమే ఇండిపెండెంట్ డైరెక్టరు బాధ్యత. చాలామంది దీన్ని "తెలియకపోతే సేఫ్" అని చదువుకుంటారు. చివరనున్న ఆ శ్రద్ధ అనే మాట మింగేస్తారు. డ్రాఫ్టు చేతిలో ఉంది, అనుమానం వచ్చింది, అడగలేదు అంటే అది తెలియకపోవడం కింద రాదు. 166వ సెక్షన్ అయితే డైరెక్టరు విధుల్లో వాటాదారులతో పాటు ఉద్యోగులను, సమాజాన్ని, పర్యావరణ పరిరక్షణను పేరు పెట్టి చెప్పింది. మీరు బోర్డులో నోరు విప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కావాలంటే కంపెనీ ఖర్చుతోనే బయటి నిపుణుడి సలహా తీసుకునే వీలు కూడా నాలుగో షెడ్యూలులోని ప్రవర్తనా నియమావళి మీకిచ్చింది.

బోర్డులో పెద్ద పేర్లుంటే చాలనుకునే వాళ్లకు మన తెలుగువాళ్లం సత్యం కంప్యూటర్స్ కథ గుర్తు చేయాలి. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. డిసెంబరు 16న చైర్మన్ రామలింగరాజు కుటుంబీకుల మేటాస్ సంస్థల్ని కొనే ప్రతిపాదనను, పేరున్న ప్రొఫెసర్లు, ఒక మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్న బోర్డు ఆమోదించి పంపింది. వాటాదారులు గోల చేస్తే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో ఏడు వేల కోట్లకు పైగా తేడా. అక్కడ పుస్తకాల్లో ఉన్న నగదు బ్యాంకులో లేదు. బ్యాంకు నుంచి నేరుగా కాగితం తెప్పించుకుని ఉంటే తెలిసేది. ఆడిటర్ల మీద ఆ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. ఇక్కడ మీ చదువు పనికొస్తుంది. ప్రాక్టికల్ పరీక్షలో బ్యూరెట్ రీడింగులు రాయకుండా జవాబు మాత్రం సరిగ్గా వేసిన కుర్రాడికి మీరు మార్కులు వేసేవారా? ఈ నివేదికనూ అలాగే దిద్దండి.

కరెంటుతో మొదలుపెట్టండి, అది తేలిక. మిల్లులకు వచ్చే కరెంటు బిల్లుల మొత్తం యూనిట్లు అడగండి. ఉదాహరణకు ఏడాదికి 2 కోట్ల యూనిట్లు అనుకుందాం. మన దేశపు గ్రిడ్ కరెంటు వెయ్యి యూనిట్లకు సుమారు 0.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క. అంటే 14,000 టన్నుల చుట్టుపక్కల రావాలి. నివేదికలో స్కోప్ 2 అనే గడిలో ఉండేది ఇదే. అదే కరెంటును గిగాజౌళ్లలోకి మారిస్తే 72,000 రావాలి. ఈ రెండు గుణకారాలూ మీరు కాఫీ తాగుతూ చేసేస్తారు. పది రెట్లు, వెయ్యి రెట్లు తేడా కనబడిందంటే ఎక్కడో యూనిట్లు తారుమారయ్యాయి. నేను చూసిన డ్రాఫ్టుల్లో మోసం కన్నా ఇలాంటి పొరపాట్లే ఎక్కువ. జనరేటర్ల డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోలు. అది స్కోప్ 1లోకి, అంటే కంపెనీ తానే కాల్చే ఇంధనం లెక్కలోకి పోతుంది. రిఫైనరీ బాయిలర్లో కాలుస్తున్నది బొగ్గా, ఊకా అన్నది కూడా అడగండి. రెంటి లెక్కా ఒకటి కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక మాయ మాత్రం పొరపాటు లేకుండానే జరుగుతుంది. నివేదికలో ఇంధనం, నీళ్లు, ఉద్గారాలు "రూపాయి టర్నోవరుకు ఎంత" అని కూడా చూపిస్తారు. 2022 మేలో క్యాండీ (సుమారు 356 కిలోలు) దూది లక్ష రూపాయలు దాటింది గుర్తుందా? దూది ధర పెరిగితే నూలు ధర పెరుగుతుంది, టర్నోవరు పెరుగుతుంది. మిల్లులో ఒక్క యూనిట్ కరెంటు ఆదా కాకపోయినా రూపాయికి పడే కరెంటు తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను "మా ఇంధన సామర్థ్య కృషి ఫలితం" అని రాసుకున్న కంపెనీలున్నాయి. మీ పేరుతో రాసిన పేజీలో అలాంటి శాతం ఏదైనా ఉంటే, కిలో నూలుకు ఎంత అన్న లెక్క పక్కన పెట్టమనండి. ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి చూపే గడి నమూనాలో ఎలాగూ ఉంది. ధర తగ్గిన ఏడాది ఇదే మాయ తలకిందులై మీ మీదికే వస్తుందని ఎండీ గారికి చెబితే ఆయనే ముందుగా ఒప్పుకుంటాడు.

నీళ్ల లెక్క ఇంత సాఫీగా ఉండదు. బోర్లకు మీటర్లున్నాయా అని అడగండి. లేకపోతే పంపు ఎన్ని గంటలు నడిచిందో దాన్నిబట్టి అంచనా కట్టి ఉంటారు. అంచనా తప్పు కాదు, అది అంచనా అని చెప్పకపోవడమే తప్పు. వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తే ఆ బిల్లులు "బయటివారి నుంచి కొన్న నీరు" అనే గడిలో కనిపించాలి. దీనికి మీ చేతిలో ఉండాల్సిన కాగితం పొల్యూషన్ కంట్రోల్ బోర్డు యూనిట్ నడపడానికి ఇచ్చే అనుమతి పత్రం, సీఎఫ్‌ఓ. రోజుకు ఎన్ని కిలోలీటర్లు వాడవచ్చు, ఎంత వ్యర్థజలం, దాన్ని ఎలా శుద్ధి చేయాలి అన్నీ అందులో ఉంటాయి. నివేదికలోని నీళ్లు అనుమతి కన్నా ఎక్కువున్నా ప్రశ్నే, మరీ తక్కువున్నా ప్రశ్నే.

చుక్క బయటికి పోదన్న మాట నాకూ మింగుడు పడలేదు. వంటనూనె రిఫైనరీ అంటే సబ్బు మడ్డి, నూనె కలిసిన కడుగు నీళ్లు, ఎక్కువ సీఓడీ (నీటిలోని కాలుష్యానికి ఒక కొలత). నిజంగా జీరో లిక్విడ్ డిశ్చార్జ్ కావాలంటే శుద్ధి చేశాక ఆర్‌ఓ పెట్టాలి, ఆర్‌ఓ వదిలేసిన ఉప్పు నీళ్లను ఆవిరి చేయాలి, మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఆవిరి చేసే యంత్రం ఆవిరినీ కరెంటునూ బాగా తాగుతుంది. అది ఏడాదంతా నడిచి ఉంటే రిఫైనరీ ఇంధన లెక్కలో కనబడాలి, వ్యర్థాల పట్టికలో ఆ ఉప్పు టన్నులు కనబడాలి. రెండు చోట్లా ఏమీ లేదంటే యంత్రం ఉంది గానీ నడవడం లేదు, లేదా శుద్ధి చేసిన నీళ్లు చెట్లకు పెట్టి దానికే ఆ పేరు పెట్టారు. చెట్లకు పెట్టడం అనుమతిలో ఉంటే మంచిదే. అలాగే రాయమనండి. నూనె ప్యాకెట్ మీద పర్యావరణహితం వగైరా రాసే ఆలోచన కంపెనీకి ఉంటే మరింత జాగ్రత్త. ఆధారం లేని అలాంటి మాటల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది.

ఇప్పుడు సున్నాలు. నన్నడిగితే ఏ నివేదికలోనైనా ముందు చూడాల్సినవి ఇవే. పెద్ద అంకెను కనీసం ఎవరో ఒకరు లెక్కపెట్టి ఉంటారు. సున్నాను ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు.

ప్రమాదాల పట్టికలో కార్మికులు అంటే పర్మినెంటు వాళ్లే కాదు, కాంట్రాక్టు వాళ్లూ లెక్కలోకి వస్తారు. మన మిల్లుల్లో ఎవరు మెషీన్ల దగ్గరుంటారో మీకు తెలుసు. వేళ్లు పోయినతను కాంట్రాక్టరు మనిషైతే, అతని గాయం కాంట్రాక్టరు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు తమ జాబితా మాత్రమే చూసి నిజాయితీగానే సున్నా వేసి ఉండవచ్చు. శాశ్వత వైకల్యం మిగిల్చిన గాయాలకు విడిగా లెక్క అడుగుతారు కాబట్టి ఇది వదిలేసే చిన్న విషయం కాదు. తనిఖీకి మూడు కాగితాలు చాలు. ఫ్యాక్టరీ ప్రమాదాల రిజిస్టరు, ఈఎస్ఐకి పంపిన ప్రమాద నివేదికలు, కాంట్రాక్టర్ల హాజరు పట్టీలు. మొదటి రెండూ సరిపోలకపోతే అక్కడే దొరికిపోతుంది.

గాయం చూపిస్తే పరువు పోతుందని ఎండీ భయపడవచ్చు. లెక్క చూపించండి. వెయ్యి మంది, రోజుకు ఎనిమిది గంటలు, 300 రోజులు అంటే 24 లక్షల పని గంటలు. పని దినాలు పోగొట్టిన గాయం ఒకటుంటే 10 లక్షల గంటలకు 0.42. కార్డింగు, బ్లోరూము ఉన్న నూలు మిల్లుకు 0.42 చూసి భయపడే ఇన్వెస్టరు ఎవరూ ఉండరు. సున్నా చూసి అనుమానపడే వాళ్లున్నారు.

మీ విద్యార్థి పేరు ఎక్కడా రానివ్వకండి. "నాకు ఫలానా వాడు చెప్పాడు" అన్న మాట బోర్డు రూములోనే కాదు, ఆ కుటుంబంతో భోజనాల దగ్గర కూడా వద్దు. మీరు అడిగేది ఒక మనిషి గురించి కాకుండా ఏడాది మొత్తం రిజిస్టరు గురించి అయితే ఎవరు చెప్పారన్న ప్రశ్నే రాదు. అతను స్వయంగా చెప్పదలుచుకుంటే లిస్టెడ్ కంపెనీలో విజిల్ విధానం (భయం లేకుండా తప్పుల్ని పైకి చెప్పుకునే ఏర్పాటు) ఉండి తీరాలి, ఆడిట్ కమిటీ చైర్మన్‌ను చేరే దారి ఉండాలి. ఆ దారి మిల్లు గోడ మీద తెలుగులో రాసి ఉందా అని చూడండి. మిల్లులో ఒడియా, హిందీ మాట్లాడే వాళ్లుంటే ఆ భాషల్లో కూడా.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు సున్నా అన్న చోట ఒకే ప్రశ్న. అంతర్గత కమిటీ హెడ్డాఫీసులో మాత్రమే ఉందా, ప్రతి మిల్లులో ఉందా? పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఉండాలని 2013 చట్టం. హాస్టళ్లలో ఉండి రాత్రి షిఫ్టు చేసే ఆడపిల్లలు ఉన్నారంటే, కమిటీలోని బయటి సభ్యురాలు ఎవరో వాళ్లకు తెలుసా? ఇది మీరు అడిగితే ఉండే బరువు బోర్డులో ఇంకెవరు అడిగినా ఉండదు.

సరఫరాదారులకు ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తున్నారన్న అంకె కూడా ఉంటుంది. దాని మీద ఎక్కువ చెప్పను. మీ కంపెనీ జిన్నర్లకు ఎప్పుడు డబ్బిస్తుందో గుంటూరులో సగం మందికి నివేదిక చదవకుండానే తెలుసు.

బుడమేరు సంగతి వేరే చోట అడగాలి. మొదటి వెయ్యి కంపెనీలకు రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ తప్పనిసరి. సుస్థిరతకు సంబంధించిన ముప్పులు చూడడం దాని పనుల్లో పేరు పెట్టి రాసి ఉంది. గోడౌన్ మునిగాక ఆ కమిటీ కూర్చుని ఏమనుకుంది? సరుకు ఎంత పోయింది, బీమా ఎంత వచ్చింది, మళ్లీ అక్కడే పెడుతున్నామా, నేల ఎత్తు పెంచామా? ఇదంతా రాస్తే ఒక పేరా అవుతుంది. ఎక్కడిదో నివేదిక నుంచి తెచ్చి అతికించిన సముద్రమట్టం పేజీ కన్నా ఆ పేరా ఎంతో మేలు. మీ ప్రకటనలో "సవాళ్లు" కింద రాయడానికి కూడా మొదట పనికొచ్చేది ఇదే. ఊరంతా చూసిన వరదను దాచేదేముంది, దాంతో మొదలుపెడితే మిగతా సవాళ్లు రాయడానికి వాళ్లకూ జంకు తగ్గుతుంది.

వట్టి ఫార్మాలిటీ అన్న అబ్బాయికి ఒక్క విషయం చెప్పండి. 2023 జులైలో సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అని కొన్ని ముఖ్యమైన అంకెలు విడదీసి, వాటిని బయటివాళ్ల చేత తనిఖీ చేయించాలంది. మొదటి 150 కంపెనీలకు 2023-24 నుంచి, తర్వాత 250కి, 500కి, మొత్తం వెయ్యికి 2026-27 నుంచి అని మెట్లు పెట్టింది. అస్యూరెన్స్ అనే ఆ తనిఖీ బదులు తేలికపాటి అసెస్‌మెంట్ అయినా చేయించుకోవచ్చని 2025 మార్చిలో కాస్త సడలించింది. ఏదైనా సరే, వచ్చేవాడు అడిగేది మీరిప్పుడు అడుగుతున్నదే: ఈ అంకె ఎక్కడిది, రిజిస్టరు చూపించు. తనిఖీ చేసేవారికి తగిన నైపుణ్యం ఉందో లేదో, వాళ్లకు కంపెనీతో వేరే లావాదేవీలున్నాయో లేదో చూసే బాధ్యత బోర్డు మీదే పెట్టారు. నివేదిక రాసిపెట్టిన కన్సల్టెంటే తనిఖీ కూడా చేసి పెడతానంటే ఒప్పుకోవద్దు. ఇంకో చిన్న మాట. పెద్ద కంపెనీలు తమ కొనుగోళ్లలో, అమ్మకాల్లో 2 శాతం దాటిన వాళ్ల వివరాలు కూడా ఇవ్వవచ్చు. ప్రస్తుతానికి అది స్వచ్ఛందం. మీ నూలు కొనే పెద్ద బట్టల కంపెనీ రేపో మాపో మిమ్మల్ని ఇవే అంకెలు అడుగుతుంది. అప్పుడు ఎండీకి మీ ప్రశ్నలు చాదస్తంగా కనిపించవు.

స్నేహం గురించి. పెద్దాయన దగ్గరికి నేరుగా వెళ్లి "మీవాడు ఇలా చేస్తున్నాడు" అనకండి. ఆ మాటతో విషయం నివేదిక నుంచి కొడుకు పెంపకం మీదికి పోతుంది. ఎండీని నలుగురిలో నిలదీయడమూ వద్దు. ముందుగా కంపెనీ సెక్రటరీకి రాయండి. నా అనుభవంలో సెక్రటరీలకు ఈ సున్నాల మీద మనకన్నా ముందే అనుమానం ఉంటుంది. అడిగే డైరెక్టరు కోసం ఎదురుచూస్తుంటారు. అజెండా కాగితాలు మీటింగుకు కనీసం ఏడు రోజుల ముందు ఇవ్వాలన్నది సెక్రటేరియల్ స్టాండర్డ్ కాబట్టి పోయినేటి లాగా రెండు రోజుల ముందు పంపడం ఈసారి కుదరదని మర్యాదగా గుర్తు చేయవచ్చు. మిల్లు చూస్తానని కూడా రాయండి. పగటి పూట, శాలువా కప్పి, మొక్క నాటించి పంపే సందర్శన కాకుండా రెండో షిఫ్టులో.

మీటింగయ్యాక పదిహేను రోజుల్లో మినిట్స్ డ్రాఫ్టు వస్తుంది. మీ మాట చెప్పడానికి ఏడు రోజులుంటాయి. అందులో "బోర్డు నివేదికను పరిశీలించి ఆమోదించింది" అని ఒక్క వాక్యం ఉంటే ఊరుకోవద్దు. మీరేం అడిగారో, ఏం జవాబొచ్చిందో, ఏది తేలలేదో రాయించండి. తేలని విషయాలు మినిట్స్‌లో నమోదు కావాలని పట్టుబట్టడం ఇండిపెండెంట్ డైరెక్టరు విధి అని నాలుగో షెడ్యూలే చెబుతుంది. అప్పటికీ కాగితాలు ఇవ్వకుండా పేజీ మీద సంతకం కోసమే ఒత్తిడి చేస్తే, ఆ ప్రకటన ఎండీనే తన పేరుతో ఇచ్చుకోమనండి. బాధ్యుడైన డైరెక్టరు మీరే కావాలని ఎక్కడా లేదు. రాజీనామా దాకా వస్తే దాని కారణాలు స్టాక్ ఎక్స్చేంజీకి తెలియాలి, ఇంతకు మించి వేరే కారణం లేదని మీరు ధ్రువీకరించాలి. ఆరోగ్యం బాగాలేదని రాసి తప్పుకునే పాత పద్ధతికి అక్కడ చోటు తక్కువ. అంతదూరం పోతుందని నేననుకోవడం లేదు.

ఈ రాత్రికే పంపడానికి ఒక ఉత్తరం రాసిపెడుతున్నాను. మీ ధోరణిలోకి మార్చుకోండి.

"కంపెనీ సెక్రటరీ గారికి, బీఆర్‌ఎస్‌ఆర్ డ్రాఫ్టు అందింది, శ్రమపడి తయారు చేసినందుకు ధన్యవాదాలు. నా పేరుతో ఉన్న ప్రకటనను నేను సొంతంగా రాసి పంపుతాను. అందుకోసం ఈ కాగితాలు బోర్డు మీటింగుకు పది రోజుల ముందు పంపగలరు: అన్ని యూనిట్ల ఏడాది కరెంటు, డీజిల్, బాయిలర్ ఇంధనం పట్టిక, బోర్ల మీటరు రీడింగులు లేదా అంచనా కట్టిన విధానం, రిఫైనరీ సీఎఫ్‌ఓ నకలు, ఆర్‌ఓ వదిలిన నీటి వివరాలు, కాంట్రాక్టు కార్మికులతో సహా ప్రమాదాల రిజిస్టరు, ఈఎస్ఐ నివేదికల నకళ్లు, ప్రతి మిల్లులోని అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, 2024 వరద తర్వాత గోడౌన్ గురించి రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ మినిట్స్. మీటింగుకు ముందు ఒక రోజు రెండో షిఫ్టులో మిల్లు చూడాలని ఉంది, తేదీ చెప్పగలరు. ఈ ఉత్తరాన్ని అజెండా కాగితాలతో జతచేయవలసిందిగా కోరుతున్నాను."

ఎండీకి కాపీ పెట్టండి. పెద్దాయనకు వద్దు. ఆయన ఫోన్ చేసి అడిగితే అప్పుడు చెప్పవచ్చు.